పోలమ్మ నమ్మిన గంట

గోదావరి నడుమ, మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఓ లంక ఉండేది. వాళ్ళు వదిలేసిన రేకుల షెడ్డులో ఒక కంప్యూటరు, షెడ్డు మీద ఓ పెద్ద గంట మిగిలాయి. రేవులో గీతలు గీసిన స్తంభం ఉంది. నీరు ఏ గీతకొచ్చిందో తీగ ద్వారా కంప్యూటరుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? గంట ఎప్పుడు కొట్టాలో దానికి ఎవరూ చెప్పలేదు.

అది చెప్పడాన్నే ప్రోగ్రాం రాయడం అంటారు. తాబేలు మాస్టారు ఆ విద్యను ఉడుత బుల్లెయ్యకు నేర్పుతున్నాడు.

"నాలుగో గీత దాటితే కన్నాల్లోకి నీళ్ళొస్తాయి. దాటితే గంట మోగాలి, దాటకపోతే మోగకూడదు. అంతేరా," అన్నాడు మాస్టారు. "నువ్వు రాసింది సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి మూడు పరీక్షలు పెట్టాను. రెండో గీత అంటే ఊరుకోవాలి. ఏడంటే మోగాలి. తొమ్మిదన్నా మోగాలి. తెర మీద మూడూ పచ్చబడ్డ రోజున నీ ప్రోగ్రాంని గంటకు కలుపుదాం."

బుల్లెయ్య రాశాడు. మొదట, తెర మీది పరీక్షలో అది రెండో గీతకు మోగమని, తొమ్మిదికి ఊరుకోమని చెప్పింది. దిద్దితే అన్నిటికీ మోగమంది. మళ్ళీ దిద్దితే దేనికీ మోగమనలేదు.

"ఏం బుల్లెయ్యా, ఇవాళ కూడా ఎరుపేనా? నీ చదువుకి దిష్టి తగిలినట్టుంది!" అని కిటికీలోంచి మేక ఒకటే నవ్వు.

నవ్వనిది పందికొక్కు పోలమ్మ ఒక్కతే. ఎక్కడెక్కడో ఏరిన వేరుశనక్కాయలు తెచ్చి అతని ముందు పెట్టేది.

"తిను తమ్ముడూ. వరదల కాలమంతా కన్నం వదిలి కదల్లేను. కళ్ళు తెరవని పసికూనలు. నేను మేతకెళితే వాటిని కాచేదెవరు? వెళ్ళకపోతే పాలెక్కడివి? నీ గంట కాపలా ఉంటే, కాస్త దూరం పోయి కడుపు నింపుకొస్తాను."

"అయిపోవచ్చిందక్కా," అనేవాడు బుల్లెయ్య తల వంచుకుని.

ఓ సాయంత్రం నక్క వచ్చి గుమ్మంలో కూచుంది.

"ఏం అల్లుడూ, మొహం అలా వేలాడేశావ్?"

"ఒకటి పచ్చబడితే ఇంకోటి ఎర్రబడుతోంది మామా."

"ఆ ముసలాడు అడిగేవెన్ని?"

"మూడు."

"ఏవేవో తెలుసా?"

"తెర మీదే ఉన్నాయిగా."

"తెలిసిన ప్రశ్నలకి ఇంత కుస్తీ ఎందుకురా! రెండంటే ఊరుకో, ఏడంటే మోగు, తొమ్మిదంటే మోగు, ఇంకేదైనా ఊరుకో. అలా రాసి పారెయ్."

"మరి ఐదొస్తే?"

"ఐదు అడిగాడా?"

"లేదు."

"అడగనిదాని గురించి నీకెందుకు దురద?"

అది తప్పని బుల్లెయ్యకు తెలుసు. ముందు మేక నోరు మూయిద్దాం, తర్వాత తీరిగ్గా దిద్దుకుందాం అనుకున్నాడు. రాశాడు. మూడూ పచ్చబడ్డాయి.

మాస్టారు పచ్చరంగు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. చదివి చూడొద్దూ ఆ పెద్దమనిషి! పసికూనల ప్రాణాలు వేలాడుతున్న చోట రంగు చూసి మురిసిపోతే సరిపోతుందా? వెంటనే గంటకు కలిపించాడు. లంకంతా పండగ చేసుకుంది. ఆ సందడిలో, పొగడ్తల్లో, దిద్దాలన్న మాట బుల్లెయ్య మనసులోంచి జారిపోయింది.

వాన ఎక్కడో ఎగువన కురిసింది. లంక మీద మాత్రం తెల్లటి ఎండ. గంటను నమ్ముకుని పోలమ్మ మెరక మీదున్న వేరుశనగ చేలోకి వెళ్ళింది.

చెట్టు మీదున్న బుల్లెయ్య కిందికి చూసేసరికి ఎర్రనీరు కన్నాలను కమ్ముతోంది. గంట కదల్లేదు. దూకి షెడ్డు మీదికి పరుగెత్తాడు. తలతో గుద్దాడు, కాళ్ళతో తన్నాడు. అంత గంట ఆ కాస్త ప్రాణికి ఎక్కడ కదులుతుంది? "అక్కా! అక్కా!" అని అరిచాడు. గాలి ఎదురు కొట్టింది. కన్నం మీద నాలుగు బుడగలు లేచి పగిలాయి.

నీరు ఐదో గీత దాకా వచ్చి అక్కడే ఆగి, తగ్గడం మొదలుపెట్టింది. పెద్ద వరద కూడా కాదది.

"ఇంకాస్త పెరిగి ఏడుకొస్తే మోగేదే అల్లుడూ," అంది గట్టు మీద నక్క, మూతి నాక్కుంటూ. "మోగిందనే చెప్పు. దూరాన ఉంది కదా, వినపడలేదనుకుంటుంది."

పోలమ్మ వచ్చింది. నోటిలోని కాయలు రాలిపోయాయి. బురదలో పడి రెండు చేతులా తవ్వింది. తవ్వి తవ్వి తలెత్తింది.

"మోగిందా తమ్ముడూ? తిండి ధ్యాసలో పడి నేనే వినిపించుకోలేదా?"

మోగిందక్కా అన్న మాట బుల్లెయ్య గొంతు దాకా వచ్చింది. ఆ ఒక్క మాటంటే తను బతికిపోతాడు. ఆ తల్లి మాత్రం బతికినన్నాళ్ళూ తన చెవుల్ని తిట్టుకుంటుంది.

"మోగలేదక్కా. మోగేటట్టు నేను రాయలేదు. పరీక్ష గట్టెక్కితే చాలనుకుని రాశాను."

ఆమె తిట్టినా బాగుండేది. వంగి మళ్ళీ తవ్వసాగింది. తవ్విన చోటల్లా నీరు ఊరి నిండుతోంది.

నీతి: పరీక్ష కళ్ళు గప్పితే, దెబ్బ తగిలేది మనల్ని నమ్ముకున్నవాళ్ళకే.