కొత్వాలు గారి వేటకుక్క

కుందవరం బజారులో కుక్కల మలం తొక్కని మనిషి లేడు. విసిగిపోయిన కొత్వాలు భైరవరాజు దండోరా వేయించాడు: "ఎవరి అంగడి ముందు మలం కనిపిస్తే ఆ కుక్క వాళ్లదే. కుక్కను అదుపులో పెట్టనివాళ్ల అంగడి ఎత్తేస్తాం."

పూలమ్మే సుంకులమ్మకు ఆ దండోరాతో చిక్కొచ్చిపడింది. ఆమెకు కుక్కే లేదు. రోజూ తెల్లారేసరికి ఆమె అంగడి ముందు పని కానిచ్చుకుని పోయేది కొత్వాలు గారి వేటకుక్క.

మర్నాడే భటులు వచ్చి ఆమె అంగడి పందిరి గుంజలు పీకబోయారు.

"ఒక్కరోజు ఆగండి నాయనా, నా కుక్కను అదుపులో పెట్టుకుంటాను" అని బతిమాలిందామె.

తెల్లవారి వేటకుక్క రాగానే దాన్ని గుంజకు కట్టేసింది. సంగతి తెలిసి కొత్వాలు ఊగిపోతూ వచ్చాడు.

"నా కుక్కను కట్టేస్తావుటే?"

"మీదెలా అవుతుంది దొరా? నా అంగడి ముందు కూర్చుంది కాబట్టి నాదేనని మీరే చాటించారు. అదుపులో పెట్టమన్నారు, పెట్టాను."

"అది నాదని ఊరందరికీ తెలుసు."

"అలాగైతే తీసుకెళ్లండి. మరి ఇప్పుడు ఎత్తేయాల్సింది నా పందిరా, మీ చావడా?"

గుమిగూడిన జనం కిసుక్కుమన్నారు. కొత్వాలు కుక్కను విప్పుకున్నాడు.

సాయంత్రం కొత్త దండోరా పడింది: కుక్కను పెంచేవాళ్లే దాని వెనక శుభ్రం చేయాలి. మర్నాడు బజారులోకి ముందు వేటకుక్క వచ్చింది, దాని వెనక తట్టా చీపురూ పట్టుకుని కొత్వాలు వచ్చాడు.