అబ్బులు మనిషేనా?

మెట్టమెరక అనే ఊళ్ళో కొబ్బరి పీచు తాళ్ళు పేనే తాడాల వారింట్లో ముగ్గురే ఉంటారు. తల్లి మంగాయమ్మ, పెద్దకొడుకు గంగరాజు, చిన్నకొడుకు అబ్బులు. "ఊళ్ళో బుర్రలన్నీ ఒకెత్తు, మా ఇంట్లో బుర్రలు ఒకెత్తు" అని మంగాయమ్మ కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేది. వాళ్ళింటి పద్ధతల్లా ఒకటే. రాసున్న మాట రాసున్నట్టు చెయ్యాలి. సిమెంటు బస్తా మీద "తడి తగలనీయకండి" అని ఉందని, ఆ సిమెంటుతో నీళ్ళు కలపకుండానే గోడ కట్టారు. ఆ గోడ ఇంకా నేలమీదే ఉంది.

అబ్బులుకి ముప్ఫైనాలుగు దాటినా పెళ్ళి కాలేదు. పాపం, వాడికి పెళ్ళంటే మహా కోరిక. ఫోటో స్టూడియో నూకరాజు జాలిపడి, వాడి ఫోనులోనే పెళ్ళిసంబంధాల సైటులో ఖాతా తెరిచి, ఫోటో, అడ్రసు పెట్టిచ్చాడు. వారం తిరక్కుండా ఓ పొద్దున్న ఫోను టింగుమంది.

"నీలవేణి గారు మీకు సందేశం పంపారు. లాగినై చదవండి."

అంతే! అబ్బులు గుండె గుమ్మం దాకా ఎగిరింది. నొక్కాడు. "నేను రోబోను కాదు" అని ఒక గడి వచ్చింది. టిక్కు పెట్టాలిట.

"అన్నయ్యా, తెలుసుకోకుండా ఎలా పెడతాను? ఒకవేళ అయితేనో?"

"రోబో అంటే మరమనిషిరా. తిండి తినదు, నొప్పి తెలీదు" అన్నాడు గంగరాజు.

ఇంకేముంది, మంగాయమ్మ పొయ్యి వెలిగించింది. అబ్బులు పదకొండు పెసరట్లు తిన్నాడు. పన్నెండోది నోట్లో ఉండగా గంగరాజు వెనక నుంచి గట్టిగా గిల్లాడు. వాడు వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు. "మనిషే!" అని తల్లి దిష్టి తీసింది. టిక్కు పడింది.

తరవాత ఫోనుకి ఆరంకెలు వచ్చాయి. కింద "ఇవి ఎవరికీ చెప్పకండి" అని ఉంది. అబ్బులు చదివి నోరు మూసుకున్నాడు. మరుక్షణం అదే ఫోను "అంకెలు ఇవ్వండి" అంది.

"చూశావా దీని కపటం! చెప్పొద్దని చెప్పి, నా నోటితోనే కక్కిద్దామనుకుంటోంది" అన్నాడు.

"ఎవరికీ అంటే నీక్కూడా తెలియకూడదురా. కళ్ళు మూసుకుని నొక్కు" అన్నాడు గంగరాజు.

మూడుసార్లు కళ్ళు మూసుకుని నొక్కాడు. అంతే, తెర ఎర్రబడింది. "మీరు రోబో అని అనుమానంగా ఉంది. ఇరవైనాలుగు గంటల పాటు లోపలికి ప్రవేశం లేదు."

గోడ గడియారం పదకొండు కొట్టింది. అబ్బులు గడియారాన్ని, తల్లిని చూసి, చాప చంకలో పెట్టుకుని వీధరుగు మీదికి నడిచాడు.

"నా కడుపున మరమనిషి పుట్టాడా దేవుడా!" అని మంగాయమ్మ గుండెలు బాదుకుంది. అన్నం అరుగు మీదికే, పడక అరుగు మీదే. వాన కురిస్తే గంగరాజు లోపల్నుంచి గొడుగు అందించాడు.

మర్నాడు పొద్దున్న పదింటికి ఆటో ఆగింది. పెద్దాయనా, ఆయన వెనక నవ్వుమొహం పిల్లా దిగారు.

"అబ్బులు గారిల్లు ఇదేనా?"

"ఇదేనండి."

"అబ్బులంటే మీరేనా బాబూ?"

"అనుమానంలో ఉన్నానండి. ఇంకో గంటలో తేలిపోద్ది."

ఆ పిల్ల పకపకా నవ్వేసింది. "నేను నీలవేణిని" అంది. సంగతంతా చెప్పించుకుంది. కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వి, "నాన్నా, ఈయన్నే చేసుకుంటాను. టీవీ కూడా కొనక్కర్లేదు" అంది. ఆ మాటకి అబ్బులు చెవులు ఎర్రబడ్డాయి. కాఫీలు అరుగు మీదికే వచ్చాయి.

పదకొండయింది. అబ్బులు ఒక్క గెంతున లోపలికెళ్ళి ఫోను తీశాడు. అంకెలొచ్చాయి. "ఎవరికీ చెప్పకండి. కళ్ళు తెరిచి మీరే నొక్కండి" అని నీలవేణే దగ్గరుండి నొక్కించింది. సందేశం తెరుచుకుంది.

"మీ ఫోటో నచ్చింది. రేపు పదింటికి నాన్నగారితో మీ ఇంటికి వస్తున్నాను. ఇట్లు, నీలవేణి."

అబ్బులు అది చదివి ఉలిక్కిపడ్డాడు. "అమ్మా! రేపు పెళ్ళివారొస్తున్నారే!"

"అయ్యో, ఇల్లు అలకలేదురా!" అంది మంగాయమ్మ.

"ఇదిగో, నేనొచ్చానుగా! నేనే నీలవేణిని!" అంది ఆ పిల్ల.

"ఆవిడ వచ్చేది రేపండి. రాసుందిగా" అన్నాడు అబ్బులు. "మీరు చాలా మంచివారు. మీకూ మంచి సంబంధం దొరుకుతుంది లెండి."

తండ్రీకూతుళ్ళని మర్యాదగా ఆటో ఎక్కించాడు. ఆ పిల్ల ఈసారి నవ్వలేదు.

మర్నాడు అబ్బులు తలంటుకుని, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. పదయింది. పదకొండయింది. ఎవరూ రాలేదు. గాభరాగా ఫోను తీసి చూశాడు. చూసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"కంగారేం లేదే అమ్మా. రేపనే ఉంది."

మూడు నెలలైంది. అబ్బులు ఇప్పటికీ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.