అతివస పొట్లం

"నలభై ఏళ్ళుగా ఆ వైద్య సంఘానికి ఎందుకు వెళ్తున్నారు గురువుగారూ? నేను మాత్రం పేరు కొట్టించేసుకుంటానండీ," అన్నాడు కోదండపాణి.

తిరువేంగళయ్యగారికి వాదన గిట్టదు. మందు నూరుతున్న కల్వం పక్కన పెట్టి, "ఇవాళ సమావేశం ఉందిగా. ఆ మాటేదో అక్కడికే వచ్చి చెప్పు," అన్నారు.

కోదండపాణికి కాళ్ళు రాలేదు. ఆ సంఘానిదొక ఆనవాయితీ. నెలకోసారి తాలూకా వైద్యులంతా బడి గదిలో చేరతారు. ఒక్కొక్కరే లేచి, తన చేతిలో ఎవరి ప్రాణం పోయిందో, ఏ మందిచ్చాడో చెప్పాలి. ఎవరూ నిందించరు. అయినా చెప్పేవాడికి తల కొట్టేసినట్టే ఉంటుంది. పోయిన నెల సమావేశానికి నాలుగు రోజుల ముందు, సాలెల వీధిలో రెండేళ్ళ పసివాడికి విరేచనాలకని అతను అతివస పొడి ఇచ్చాడు. గంటలో వాడు కన్ను మూశాడు. మిగిలిన పొడి నాలిక మీద వేసుకుంటే తిమ్మిరెక్కింది. నాభి! చూడ్డానికి అతివస వేరులాగే ఉంటుంది, ఒట్టి విషం. ఇచ్చే ముందు చూడవలసిన రుచి, ఇచ్చాక చూశాడు. పొట్లం పెరట్లో పాతిపెట్టి, జ్వరమని వంక చెప్పి, ఆ నెల సమావేశానికి పోకుండా ఇంట్లోనే ముడుచుకు పడుకున్నాడు పిరికివాడు.

ఇవాళ మాత్రం గురువుగారి వెంట రాక తప్పలేదు. మొదట లేచింది పక్క ఊరి అప్పలాచారిగారు.

"కుమ్మరివాళ్ళ పిల్లండీ, నాలుగేళ్ళది. మొన్న గురువారం సంతలో కొన్న అతివసే వేశాను. ఎందుకు పోయిందో తెలీదు. నా చేతులు విరిగిపోనూ!" అని అంత పెద్దమనిషీ బావురుమన్నారు.

కోదండపాణి కొన్నదీ ఆ సంతలోనే. ఆ పిల్ల ఉసురూ తనకే తగిలిందని అతనికి తెలిసిపోయింది. గోడ పట్టుకుని లేచాడు.

"అందులో నాభి కలిసిందండీ. నాకు నెల కిందటే తెలుసు."

ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఇంతలో వెనక వరసలోంచి భద్రయ్య అనే వైద్యుడు లేచాడు. "అయ్యో, భోజనం కాగానే బిడ్డకి పట్టమని ఓ ఇంట్లో పొద్దున్న ఆ సంత అతివసే పొట్లం కట్టి ఇచ్చి వచ్చానే!" అంటూనే ఎండలోకి పరుగు తీశాడు. అతని ఊరు మూడు మైళ్ళు.

"అందుకుంటాడా గురువుగారూ?" అని అడిగాడు కోదండపాణి.

తిరువేంగళయ్యగారు గుమ్మం దగ్గర భద్రయ్య వదిలేసి పోయిన చెప్పుల జత వైపు చూశారు.

"పోయిన నెల నువ్వు వచ్చి ఉంటే, అవి అతని కాళ్ళకే ఉండేవి నాయనా," అన్నారు.