ఏటి నడుమ అందిన జుట్టు

అనగనగా, ఏటి మీద వంతెన అనే మాటే పుట్టని కాలంలో, ఒక ఏటికి రెండు ఒడ్లు, ఒడ్డుకొక పుట్టి. పుట్టి అంటే వెదురు బద్దలతో గంపలా అల్లి, అడుగున తోలు బిగించిన గుండ్రటి పడవ. తూర్పు ఒడ్డు పుట్టి బసివయ్యది. పడమటి ఒడ్డు పుట్టి ఓబులేసుది.

ఇద్దరూ ఉప్పూ నిప్పూ. సంతకు పోయే జనాన్ని నువ్వు లాక్కున్నావంటే నువ్వు లాక్కున్నావని తగువు. ఎవరు మొదలుపెట్టారో ఆ ఏటికే తెలియాలి.

ఆ ఊళ్ళలో ఒక ఆచారం ఉండేది. వానాకాలం ఏటికి కొత్తనీరు వస్తే, గంగమ్మకు పసుపు కుంకుమలిచ్చి, నీటి జోరు తగ్గాకే పుట్టి దించాలి. ఆ ఏడు ఓబులేసుకు ఆగబుద్ధి కాలేదు. తూర్పు ఒడ్డున జనం మూటలతో నిలబడి ఉన్నారు. "బసివడు పూజ ముగించేలోగా వీళ్ళందరినీ నేనే దాటిస్తా" అనుకుని ఎర్రనీళ్ళలో పుట్టి దించాడు. నడి ఏట్లో సుడి దాన్ని గిర్రున తిప్పి బోర్లా వేసింది.

పూజలో ఉన్న బసివయ్య పసుపు పళ్ళెం పక్కన పడేసి దూకాడు. ఈదుకుంటూ పోయి, చేతికందిన జుట్టు పట్టుకుని ఓబులేసును ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. పుట్టి కింది రేవులో తుమ్మచెట్టుకు తట్టుకుని ఆగింది.

ఓబులేసు నీళ్ళు కక్కి కళ్ళు తెరిచాడు. "జుట్టంతా పీకేస్తివి కదరా పాపిష్టోడా!" అని లేచి తన దారిన పోయాడు. చెయ్యెత్తి దండమైనా పెట్టలేదు.

"పీడ పోయేది కదప్పా, ఎందుకు దూకితివి?" అన్నారు జనం.

"ఏమో! చెయ్యి ముందు పోయింది, బుద్ధి వెనక వచ్చింది" అన్నాడు బసివయ్య.

ఆనాటి నుంచి బసివయ్యకు కొత్త బెంగ పట్టుకుంది. పొద్దున్నే అవతలి ఒడ్డున ఓబులేసు కనపడితే గాని అంబలి గొంతు దిగదు. భార్య తిప్పమ్మ నవ్వేది. "వాని మొగం చూస్తే కూడు పుట్టదంటివి. ఇప్పుడు చూడకుంటే అంబలి దిగదా?"

మరి కొన్నాళ్ళకు ఓబులేసు పుట్టి తోలు ఎండి పగుళ్ళిచ్చింది. అది బసివయ్య కంట పడింది. ఓబులేసు భోజనానికి పోయిన వేళ చూసి, ఇంట్లో ఉన్న ఆముదమంతా తీసుకుని ఏరు దాటి, ఆ తోలుకు పట్టించి వచ్చాడు. "మన పుట్టికి ఏమన్నా మిగిల్చినావా?" అని తిప్పమ్మ అడిగితే నేలచూపులు చూశాడు.

ఆ తర్వాత వచ్చింది పెద్ద పరీక్ష. ఓబులేసును ఏట్లోంచి కాపాడిన సంగతి రాజుగారి చెవిన పడింది. ఆయన ఏటి ఒడ్డునే కొలువు తీరి, "బసివయ్యా, నిండు ప్రాణం నిలిపావు. నేటి నుంచి రెండు రేవులూ నీవే. మరొకరు పుట్టి దించరాదు" అన్నాడు.

జనం ఔరా అన్నారు. వెనక వరసలో ఓబులేసు తెడ్డు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. రేవు పోతే అతని పిల్లలకు గంజి కూడా లేదు.

బసివయ్య చేతులు జోడించాడు. "వద్దు మారాజా! ఆనాడు నీళ్ళలోంచి లాగినవాణ్ణి ఈనాడు ఒడ్డు మీద ముంచమంటారా?"

"అతడు నీతో ఒక్క మంచి మాటైనా అన్నాడా?"

"లేదు మారాజా, ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు. తిట్టాలన్నా ప్రాణం ఉండాల కదా! ఆ తిట్టు చెవిన పడితేనే నాకు నిమ్మళం. ఇయ్యాలనుకుంటే వాని పుట్టికి కొత్త తోలు ఇప్పించండి. పాతది ఎంత ఆముదం పూసినా ఆగేట్టు లేదు."

తన పుట్టికి ఆముదం పూసిందెవరో ఓబులేసుకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో, ప్రేమతో అతని గుండె కరిగిపోయింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. తలపాగా తీసి, బసివయ్య ముందు తల వంచి, "ఇంకోసారి మునిగితే ఈ జుట్టే పట్టుకోరా బసివా" అన్నాడు.

రాజు నవ్వాడు. కొత్త తోలు ఇప్పించాడు. మరుసటి ఏడు కొత్తనీటికి ఇద్దరూ ఒకే పళ్ళెంలో పసుపు కుంకుమలు తెచ్చారు.

చూశారా పిల్లలూ, ప్రాణం దక్కినవాడి కన్నా ముందు దక్కించినవాడే మారతాడు. ఒకసారి కాపాడిన చేతికి ఇక ముంచడం చేతకాదు.