నక్క లక్కీ డ్రా, గుండ్రటి ముద్ర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నిటి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చార్జింగు ఎక్కడ పెట్టుకునేవని మాత్రం అడక్కండి పిల్లలూ, కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఆ అడవిలో నాంచారమ్మ అనే ఉడుత ఉండేది. దానికి ముగ్గురు పిల్లలు. వానాకాలం గడవాలని, ఎండాకాలమంతా అడవి పక్క చేలల్లో తిరిగి తొర్ర నిండా వేరుశనగకాయలు దాచింది. కానీ ఆ తొర్ర కురిసేది. వాన పడితే పిల్లలు తడిసి ముద్దయ్యేవారు.

ఒకరోజు ఫోన్ టింగుమంది. చూస్తే నక్క వీరభద్రప్ప పళ్ళికిలిస్తున్నాడు.

“అక్కయ్యలూ, అన్నయ్యలూ! మన లక్కీ డ్రాలో చేరండి. టికెట్టుకి దోసెడు కాయలు. గెలిస్తే చుక్క వాన పడని రాతి గుహ మీదే!”

నాంచారమ్మకి ఆశ పుట్టింది. అయినా జాగ్రత్త గలది కదా, అడిగింది. “తమ్ముడూ, ఇందులో మోసం లేదని నమ్మకమేమిటి?”

“ఎంత మంచి మాట అడిగావు అక్కయ్యా! ఇదిగో ధ్రువపత్రం” అన్నాడు నక్క.

ఫోన్‌లో కాగితం కనబడింది. పైన ‘స్వతంత్ర తనిఖీ సంఘం’ అని ఉంది. కింద ఎర్రటి ముద్ర ఉంది. ఆ సంఘంలో ఎవరున్నారని నాంచారమ్మ అడగలేదు. ముద్ర అంత గుండ్రంగా, అంత ముచ్చటగా ఉంటే ఇంకా అనుమానమేమిటి చెప్పండి!

మొదటిసారి డ్రా తీశారు. నక్క మేనమామ గెలిచాడు. అదృష్టవంతుడు!

రెండోసారి తీశారు. నక్క వదినగారు గెలిచింది. అబ్బో, ఆ ఇంటికి అదృష్టం బాగా అలవాటైపోయింది. “ఇదేం తమ్ముడూ?” అని నాంచారమ్మ అడిగితే, నక్క రెండు ముద్రలున్న ధ్రువపత్రం పంపాడు. రెండు ముద్రలు! నాంచారమ్మ మనసు కుదుటపడింది.

మూడోసారి తొర్రంతా ఊడ్చి ఇచ్చేసింది. పిల్లల పూట గడవడానికి మూడే మూడు కాయలు ఉంచుకుంది.

డ్రా రోజున కుండపోతగా వాన. పిల్లల్ని తోక కింద దాచుకుని నాంచారమ్మ ఫోన్ చూస్తోంది. ‘ప్రత్యక్ష ప్రసారం’ అని పైన రాసి ఉంది. నక్క ఇంటి ముందు పేర్ల చక్రం గిరగిరా తిరుగుతోంది. నక్క విసనకర్రతో విసురుకుంటున్నాడు. గెలిచింది నక్క తాతగారు. పాపం, ఆయన పోయి రెండేళ్ళయింది.

నాంచారమ్మ ఫోన్ వంక చూసింది, బయటికి చూసింది. “వీడి ఇల్లు ఆ పక్క పొదలోనే కదా! ఇక్కడ ఇంత వాన పడుతుంటే వీడి వాకిట్లో ఎండెక్కడిది? ఇది ఎప్పుడో తీసి పెట్టుకున్న బొమ్మ! ఓసి నా తెలివి తెల్లారినట్టే ఉంది!” అని నెత్తి బాదుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే అడవంతా కేకేసి పిలిచి, ఈ డ్రాని తనిఖీ చెయ్యాలంది.

అందరూ వచ్చారు. నక్క కూడా వచ్చాడు, చేతులు జోడించి మరీ.

“తనిఖీ కావాలా? దివ్యంగా చేయిద్దాం! తనిఖీ చేసేవాడికి తిండీ బసా నేనే చూసుకుంటాను. మీకెందుకు శ్రమ?”

అందరూ చప్పట్లు కొట్టారు. కుందేలైతే కళ్ళు తుడుచుకుంది. “ఎంత మంచివాడమ్మా!”

“ఆగండి” అంది నాంచారమ్మ. “తమ్ముడూ, ఆ ముద్రలు వేసిందెవరు?”

“మా బావమరిది. ఎవడో పరాయివాడు కాదు” అన్నాడు నక్క గర్వంగా.

“నీ ఇంట్లో తినేవాడు నీ తప్పు చెబుతాడా? తాబేలు కోటిలింగం తాత ఒక్క టికెట్టూ కొనలేదు, నీకు చుట్టమూ కాడు. ఆయన చూస్తాడు. ఆయన తిండి మనమే పెడదాం. తలా ఒక కాయ ఇవ్వండి.”

“తలా ఒక కాయా!” కోతి గుండె పట్టుకుంది. “కాయలేమన్నా చెట్లకి కాస్తున్నాయా?” నక్కకి దోసిళ్ళకొద్దీ పోసింది ఈ కోతే లెండి.

నాంచారమ్మ దగ్గరున్నవి మూడే కాయలు. అందులో ఒకటి తీసి తాబేలు ముందు పెట్టింది. పిల్లల మొహాలు చూడలేకపోయింది. అది చూసి అందరికీ సిగ్గేసింది. ఒక్కొక్కరే వచ్చి తలా ఒక కాయ పెట్టారు.

కోటిలింగం మెల్లగా నడిచి నక్క ఇంటికి వెళ్ళాడు. చక్రం బయటికి లాగించి, అందరి ముందూ ఒక్కో పేరూ చదివాడు. అన్నీ నక్క చుట్టాలవే. టికెట్టు కొన్నవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

“కానీ నా దగ్గర ధ్రువపత్రం ఉంది!” అని అరిచాడు నక్క.

ఆ ధ్రువపత్రం చేతికిచ్చి, బావమరిదిని తోడిచ్చి, అడవి దాటించారు. ఇంట్లో వెతికితే గుట్టలుగా పొట్టు దొరికింది. కాయలు నక్క చుట్టాలు ఎప్పుడో తినేశారు.

ఆ పూట నాంచారమ్మ రెండు కాయల్ని ముగ్గురికి పంచింది. పెద్ద పిల్ల అడిగింది. “అమ్మా, మూడో కాయ ఎందుకిచ్చేశావు?”

“ఆ ఒక్క కాయ మొదటే ఇచ్చి ఉంటే, ఇప్పుడు తొర్ర నిండా కాయలుండేవమ్మా” అంది నాంచారమ్మ.

నీతి: ముద్ర ఉందా అని చూసి మురిసిపోకండి. ముద్ర వేసినవాడికి అన్నం పెట్టేదెవరో ముందు అడగండి.