పటంలోని జాలరికి రాజాజ్ఞ

సముద్రమన్నది ఎవరూ ఎరుగని ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. తన ఆజ్ఞ లేనిదే ఆకు కూడా కదలదని ఆయన నమ్మకం. ఆయన కొలువులో మైలారయ్య అనే చమత్కారి ఉండేవాడు.

ఒకనాడు, ద్వీపాలు తిరిగివచ్చిన కంఠయ్య అనే చిత్రకారుడు రాజుకు పెద్ద పటం కానుకగా తెచ్చాడు. పొగలు కక్కే అగ్నిపర్వతం, దాని కింద అద్దంలా నిశ్చలమైన అఖాతం, ఆ నీటి మీద పడవలో కునుకు తీస్తున్న జాలరి. సభంతా మెచ్చుకుంది.

ఆ మెప్పు ఆస్థాన జ్యోతిష్కుడు సూరావధానికి గిట్టలేదు. "ప్రభూ, ఈ కొండ రేపోమాపో పేలుతుంది. నిప్పు సరాసరి సింహాసనం మీద పడుతుంది" అన్నాడు.

రాజు వెంటనే సింహాసనాన్ని గుర్రపుశాలకు మార్పించి, "భయపడి కాదు, గుర్రాల యోగక్షేమాలు చూడడానికి" అని చాటింపు వేయించాడు. తనను కాల్చజూసినందుకు కంఠయ్యను ఉరితీయమన్నాడు.

మైలారయ్య ఆ ఉరిశిక్ష సంగతి విన్నాడు. బొమ్మ పేలదని చెబితే రాజును పిరికివాడన్నట్లే. అప్పుడు కంఠయ్య పక్కన తనూ వేలాడాలి. ఆలోచించి గుర్రపుశాలకు వెళ్ళాడు.

"ప్రభూ, సాక్షిని విచారించకుండా శిక్షించారన్న మాట మీకు రాకూడదు. ఆ కొండ కిందే ఉంటున్న జాలరిని అడిగితే సరి."

"నిజమే. పిలిపించండి" అన్నాడు రాజు.

భటులు పటం ముందు నిలబడి, "ఓయి జాలరీ, రాజుగారు రమ్మంటున్నారు" అని కేకలు పెట్టారు. జాలరి కదలలేదు. చెవి దగ్గర నగారా మోగించారు. అప్పుడూ కదలలేదు.

సభ గుమ్మం చాటు నుంచి తొంగిచూస్తున్న రాజుకు మొహం ఎర్రబడింది. "నా మాటంటే లెక్కలేదా వాడికి?"

"అవధానిగారికి ఆ ప్రాంతం బాగా తెలిసినట్లుంది. వారిని పంపండి ప్రభూ" అన్నాడు మైలారయ్య వినయంగా.

"వెళ్ళండి. పడవతో సహా ఈడ్చుకురండి" అన్నాడు రాజు.

సూరావధాని చేతులు జోడించాడు. "ప్రభూ, అది రంగులతో వేసిన బొమ్మ. బొమ్మలో మనిషి ఎలా లేస్తాడు?"

"కొండను మాత్రం వేరే రంగులతో వేశారా స్వామీ?" అన్నాడు మైలారయ్య.

రాజు అవధానిని చూశాడు, పటాన్ని చూశాడు, తన పంచెకు అంటిన గడ్డిని చూసుకున్నాడు. ముందు ఆయన మీసం అదిరింది. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు.

కంఠయ్యకు ఆస్థానంలో కొలువిచ్చాడు. తన ముత్యాల హారం తీసి మైలారయ్య మెడలో వేశాడు.

"ఈ సంగతి మాత్రం గడప దాటకూడదు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

అప్పటికే వంటశాల నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి.