దొర తరఫున ఓ కాటు

కందివలసలో గవరయ్య ఇంటివాళ్ళకి తమ తెలివంటే మహా గొప్ప. వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని చంకలో దాచుకుని, తాము తడిసి వచ్చేవారు. "బుర్రుండాలే!" అనేవాడు గవరయ్య తల తుడుచుకుంటూ. "అందరికీ ఉంటదేటి మావా!" అనేది పెళ్ళాం పైడితల్లి.

అంత తెలివైన ఇంట్లో ఓ చిక్కొచ్చి పడింది. ముసలి కుక్క దొర అంటే గవరయ్యకి ప్రాణం. దానికి పళ్ళు ఊడిపోయాయి. తోకేమో ఎప్పుడో బండి చక్రం కింద పోయింది. ఈమధ్య బుల్లోడని ఓ కుర్రకుక్కని తెచ్చారు. అంతే, దొర అలిగింది. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. గవరయ్యకీ ముద్ద దిగలేదు. పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"అసూయయ్యా! ఒకదానికి ఏది చేస్తే రెండోదానికీ అదే చెయ్యండి. ఏ తేడా ఉండకూడదు" అన్నాడు డాక్టరు.

ఇంకేముంది! బుల్లోడికి తోకుంది, దొరకి లేదు. పైడితల్లి చీపురు తెచ్చి దొర వెనకాల కట్టేసింది. బుల్లోడు అందులోంచి రెండు పుల్లలు పీక్కుని పరిగెడుతూ పేడగుంటలో పడ్డాడు. వాడొక్కడే పేడ పూసుకుంటే దొర ఏమనుకుంటుంది? గవరయ్య దాన్నీ ఎత్తుకెళ్ళి అదే గుంటలో దించాడు, తనూ మోకాళ్ళదాకా దిగబడ్డాడు. దొర అన్నం సంగతి అటుంచి, మంచినీళ్ళు కూడా మానేసింది. గవరయ్య గుండె చెరువైపోయింది.

అప్పుడే పైడితల్లి తమ్ముడు కూర్మయ్య వచ్చాడు. బావ అవతారం చూసి పకపకా నవ్వాడు. బుల్లోడు ఒక్క ఉరుకున వచ్చి అతని ఎడమ పిక్క పట్టేశాడు.

"ఓలమ్మో!"

"అరవకురా! కుడికాలు ఇలాగెట్టు, దొర కూడా కరవాల."

"ఎందుకు బావా?"

"తేడా ఉండకూడదన్నాడ్రా డాట్రు!"

కూర్మయ్యకి అది న్యాయంగానే తోచింది. పంచె పైకి లాగి కాలు చాపాడు. దొర వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

"దానికి పళ్ళేవి బావా?"

గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకున్నాయి కదరా!" అని దొర తరఫున తనే కసుక్కున కొరికాడు.

కూర్మయ్య పెట్టిన కేకలకి దొర హుషారుగా లేచింది, చీపురు ఊపింది, గబగబా గిన్నెడన్నం తినేసింది. గవరయ్య ఆనందం పట్టలేక బావమరిదినే వాటేసుకున్నాడు.

కూర్మయ్య కుంటుకుంటూ వెళ్ళి సూది వేయించుకొచ్చాడు. "అక్కా, కరిచినదాన్ని పదిరోజులు కట్టేసి కనిపెట్టుకుని ఉండమన్నారే" అన్నాడు. పైడితల్లి రెండు తాళ్ళు తెచ్చింది. ఒకటి బుల్లోడికి, ఒకటి మొగుడికి.

తిండి వేళకి ముగ్గురి ముందూ మూడు చిప్పలు పెట్టింది. దొర, బుల్లోడు మూతీ మూతీ రాసుకుంటూ ఒకే చిప్పలో తింటున్నాయి. గవరయ్య మాత్రం తాడు తెంపుకునేలా గింజుకున్నాడు.

"బుల్లోడికి సేపతల ఏసినావు! నాకేదే?"

అని మూతి ముడుచుకుని, ముద్ద ముట్టకుండా అటు తిరిగి పడుకున్నాడు.

పైడితల్లి మనసు కరిగిపోయింది. "నిజమేరా తమ్ముడూ, పాపం మావకి తోక కూడా లేదు" అంటూ ఇంకో చీపురు కోసం లోపలికి పరిగెత్తింది.